వ్యాను లోపల వంపు గోడకి ప్యానెల్: అట్ట సరిగ్గా కూర్చుంది, చెక్క కూర్చోదు

చక్రాలగూడు
పాత సరుకుల వ్యాను కొని లోపల పడుకునేలా మారుస్తున్నాను. మంచానికీ అల్మారాకీ మధ్య నిలువుగా ఒక అడ్డ ప్యానెల్ పెట్టాలి, 12 మి.మీ. ప్లైవుడ్. పక్క గోడ కింద దాదాపు నిటారుగా ఉంది, నడుము ఎత్తులో బయటికి ఉబ్బింది, అక్కడి నుంచి పైకప్పు దాకా లోపలికి వాలుతూ పోయింది. పెద్ద అట్ట పెట్టె విప్పి, కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరిస్తూ గోడకి అతికినట్టు కూర్చునేదాకా తెచ్చాను. సాయంత్రమంతా దానికే పోయింది. దాన్నే ప్లైవుడ్ మీద పరిచి గీసి కోశాను. తీరా పెడితే పైన గట్టిగా తగులుతోంది, కింద 9 మి.మీ. సందు. రెండో షీటు కోసినా అదే కథ. ఇప్పుడు మూడో షీటు ముందు కూర్చుని రంపం ముట్టాలంటే టెన్షన్. అట్ట సరిపోయినప్పుడు చెక్క ఎందుకు సరిపోదు?

రంపపుపొట్టు
అట్టని చేత్తో నొక్కి గోడకి ఆనించారు కదా? మీరు నొక్కిన చోటల్లా అది వంగి మీ మాట విన్నది. చెక్క వినదు.

ఆకురాయి
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు పాపం అట్టని ఆడిపోసుకోకండి.

మూలమట్టం
రంపపుపొట్టు గారు చెప్పింది సగం. మిగతా సగానికి మూడు సంగతులు కావాలి.

అట్ట పెట్టినప్పుడు అది నిటారుగా ఉందని దేన్ని బట్టి చూశారు? రసమట్టంతోనా, వ్యాను నేలకి మూలమట్టం ఆనించా? ఇన్సులేషన్, రీపర్లు బిగించాక కొలిచారా, ముందే కొలిచారా? కోసిన ప్యానెల్ పెట్టేటప్పుడు దాన్ని దేనికి ఆనించారు?

చక్రాలగూడు
ఇన్సులేషన్ అయ్యాకే. అట్టకి రసమట్టం పెట్టి చూశాను, బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. ప్యానెల్ మాత్రం మంచం ఫ్రేముకి ఆనించాను. ఆ ఫ్రేము నేలకి లంబంగా బిగించిందే. వ్యాను మా ఇంటి ముందు వాలులో ఉంటుంది...

ఈ చివరి వాక్యం టైపు చేస్తుంటేనే ఏదో అర్థమవుతోంది.

మూలమట్టం
దొంగ దొరికాడు. రసమట్టం చెప్పేది భూమికి ఏది నిటారో. వ్యానుకి ఏది నిటారో దానికి తెలియదు. వాలు రెండు డిగ్రీలే అనుకోండి, 1500 మి.మీ. ఎత్తుకి వెళ్లేసరికి పై అంచు 52 మి.మీ. ముందుకో వెనక్కో జరిగిపోతుంది. అంటే అట్టని ఒక తలంలో పెట్టి గీశారు, ప్యానెల్‌ని ఇంకో తలంలో నిలబెట్టారు. ఆ 52 మి.మీ.లో వ్యాను గోడ అలాగే ఉండదు, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. పైన తగలడానికి ఇది చాలు.

వ్యాను లోపల రసమట్టాన్ని పెట్టెలో పెట్టేయండి. నేలే మీ ఆధారం. నేల మీద వ్యాను పొడవునా మధ్య గీత ఒకటి కొట్టుకోండి, దానికి లంబంగా ప్యానెల్ నిలబడే చోట ఇంకో గీత. టెంప్లేట్ (కోతకి నమూనా) అయినా ప్యానెల్ అయినా ఆ గీత మీదే నిలబడాలి, నేలకి మూలమట్టంతోనే నిలబడాలి.

నిద్రపట్టనివ్యాను
నేను రసమట్టం పెట్టే మొత్తం వంట గట్టు కట్టాను. చదునైన చోటికి వెళ్లి ఆపితే గట్టు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇప్పుడు ఎక్కడ ఆగినా ముందు టీ గ్లాసు ఎటు జారుతుందో చూసుకుంటాం.

పడవమేస్త్రి
పడవల పనిలో ఇది రోజూ ఉండే గొడవే. పడవలో తిన్నని గోడ ఒక్కటి కూడా ఉండదు, అందుకే అక్కడ అట్టని కత్తిరిస్తూ కూర్చోరు. ములుకు కర్ర వాడతారు. ఒక సన్నని బద్ద తీసుకుని ఒక చివర మొన చేయండి, ఒక పక్క అంచుకి రెండు మూడు గాట్లు పెట్టండి. గాట్లు సమానంగా ఉండకూడదు. ప్యానెల్ నిలబడే తలంలోనే గోడకి కొంచెం ఇవతలగా ఏదైనా పనికిరాని పలకని కదలకుండా బిగించండి. బద్దని పలక మీద పెట్టి మొనని గోడకి ఆనించి, బద్ద చుట్టూ పెన్సిల్‌తో గీయండి, గాట్లతో సహా. దానికి 1 అని నంబరు వేయండి. కొంచెం పైకి జరిగి 2. అలా గోడ పొడవునా, వంపు ఎక్కువ ఉన్న చోట దగ్గర దగ్గరగా.

తర్వాత పలక విప్పి అసలు ప్లైవుడ్ మీద పెట్టండి. బద్దని 1వ గీతలో గాట్లతో సహా సరిగ్గా కూర్చోబెడితే మొన ఎక్కడుందో అక్కడ చుక్క. అన్నీ అయ్యాక చుక్కలని కలుపుతూ సన్నని బద్ద వంచి గీత గీస్తే అదే మీ గోడ. టేపు ముట్టనక్కర్లేదు. కొలత రాసుకోవడం లేదు కాబట్టి తప్పు రాసుకోవడం కూడా లేదు.

ఆకురాయి
గాట్లు దేనికి మేస్త్రి గారూ? బద్ద చుట్టూ గీసుకున్నాం కదా.

పడవమేస్త్రి
తిన్నని బద్ద గీతలో ముందుకీ వెనక్కీ జారుతుంది. గాట్లుంటే జారదు. గాట్లు ఒక పక్కే ఉంటాయి కాబట్టి బద్దని బోర్లా తిప్పి పెట్టినా తెలిసిపోతుంది.

చుక్కగీత
ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాదు. ప్యానెల్‌ని గోడకి వీలైనంత దగ్గరగా పెట్టండి. ఒక వాషర్ తీసుకుని దాని రంధ్రంలో పెన్సిల్ మొన పెట్టి, వాషర్‌ని గోడకి ఆనించి పై నుంచి కిందకి దొర్లిస్తూ రండి. గోడ వంపు ప్యానెల్ మీద పడుతుంది. ఆ గీత మీద కోసి లోపలికి జరపండి. అంతే.

పడవమేస్త్రి
"లోపలికి జరపండి" అన్నారే, అక్కడే తిరకాసు ఉంది. వాషర్ కొలిచేది గోడకి లంబంగా ఉన్న దూరం. మీరు ప్యానెల్‌ని జరిపేది అడ్డంగా. గోడ నిటారుగా ఉన్నంత సేపు రెండూ ఒకటే. పైన గోడ వాలిన చోట ఒకటి కాదు. నిటారు నుంచి గోడ 60 డిగ్రీలు వాలిందంటే, లంబంగా 10 మి.మీ. ఉన్న సందు అడ్డంగా చూస్తే 20. ప్యానెల్‌ని 10 జరిపితే నిటారు గోడ తగిలేస్తుంది, పైన సందు అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది.

కంపాస్ వాడితే కూడా దాని రెండు కాళ్లూ మొదటి నుంచి చివరి దాకా ఒకే దిశలో ఉండాలి. ప్యానెల్‌ని ఏ దిశలో జరపబోతున్నారో ఆ దిశలో. గోడ తిరిగినప్పుడల్లా చెయ్యి కూడా తిరుగుతుంది చూశారూ, ఆ అలవాటే చెడగొట్టేది.

చుక్కగీత
నా వ్యానులో నాలుగు ప్యానెళ్లు వాషర్‌తోనే చేశాను. సందులో నా చిటికెన వేలు గోరు కూడా దూరదు.

మూలమట్టం
మీరు ముందే గోడకి 4, 5 మి.మీ. దాకా తెచ్చి చిన్న వాషర్ వాడి ఉంటారు. సందు ఎంత చిన్నదైతే తప్పు అంత చిన్నది. 40 మి.మీ. సందుకి ఆ పద్ధతి వాడి చూడండి.

చుక్కగీత
నిజమే, ముందు ఉజ్జాయింపుగా కోసి దగ్గరికి తెచ్చుకునేవాణ్ని. అది చెప్పడం మర్చిపోయాను. అయినా వాషరే గొప్పది.

సెల్లుకొలత
ఇన్ని బద్దలూ వాషర్లూ ఏంటండీ. ఇప్పుడు ఫోన్లోనే త్రీడీ స్కాన్ ఉంది. స్కాన్ చేసి ప్రింట్ తీసి అతికించుకోవడమే.

రంపపుపొట్టు
ఫోన్ స్కాన్‌తో మంచం ఎక్కడ పట్టుతుందో చూసుకోవచ్చు, అల్మారా లోతు ఎంతో అనుకోవచ్చు. అంచు కోయడానికి మాత్రం దాన్ని నమ్మకండి. మెరిసే రేకు మీద, సన్నని మూలల్లో అది గుండ్రంగా ఊహించుకుంటుంది. మనకి కావాల్సింది ఒకటి రెండు మిల్లీమీటర్ల లెక్క.

సెల్లుకొలత
ప్రయత్నించే చెప్తున్నారా?

రంపపుపొట్టు
ఆ ప్రయత్నమే ఇప్పుడు మా కుక్క పడుకునే పలక అయింది.

జిగురుచుక్క
నిలువు ప్యానెల్‌కి నా ఓటు హాట్ గ్లూ (వేడికి కరిగే జిగురు) చట్రానికి. 3 మి.మీ. ఎం.డి.ఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) ముక్కలని 40 మి.మీ. వెడల్పు బద్దలుగా కోసుకోండి. ప్యానెల్ తలంలో ముందు ఒక తిన్నని చట్రం నిలబెట్టి, దాని నుంచి గోడ దాకా చిన్న చిన్న ముక్కలు ఒక్కొక్కటిగా తాకించి గ్లూ పెట్టుకుంటూ పొండి. ప్రతి ముక్క చివరని గోడ వాలుకి తగ్గట్టు కోసుకుంటే ఇంకా మంచిది. మొత్తం అయ్యాక ఒక్క ముక్కగా బయటికి వస్తుంది. నొక్కినా వంగదు, అట్టకి లేని గుణం అదే.

చట్రానికి ఐమూలగా ఒక బద్ద తప్పనిసరి. లేకపోతే బయటికి తీసేటప్పుడు దీర్ఘచతురస్రం పక్కకి ఒరుగుతుంది, మీకు కంటికి తెలియదు.

నిద్రపట్టనివ్యాను
ఎండలో తలుపులు మూసిన వ్యానులో ఆ చట్రాన్ని వదిలేయకండి. నేను భోజనానికి వెళ్లొచ్చేసరికి గ్లూ మెత్తబడి సగం ముక్కలు వేలాడుతున్నాయి.

లెక్కలబుర్ర
అందరూ ఆకారం గురించే మాట్లాడుతున్నారు, మందం సంగతి ఎవరూ ఎత్తలేదు. అట్టకి మందం లేదు, ప్లైవుడ్‌కి ఉంది. వ్యాను గోడ వెనక్కి సన్నబడుతూ పోతుంది కాబట్టి ప్యానెల్ ముందు ముఖానికి కావాల్సిన వెడల్పూ వెనక ముఖానికి కావాల్సిన వెడల్పూ ఒకటి కావు. ఆ సన్నబడటం 10 డిగ్రీలుంటే 12 మి.మీ. మందానికి 2.1 మి.మీ. తేడా. 18 మి.మీ. పలక, 15 డిగ్రీలు అయితే 4.8.

వెడల్పు ఎక్కువున్న ముఖానికి టెంప్లేట్ తీసి అంచుని నిటారుగా కోశారంటే రెండో ముఖం ముందే వెళ్లి గోడకి తగులుతుంది. జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందకీ ఆడే కరెంటు రంపం) పాదాన్ని ఆ కోణానికి వంచి కోయండి, లేదా కోశాక వెనక అంచుని చిత్రిక పట్టండి. కనబడే ముఖం గీత మీద ఉంటే చాలు, వెనక వైపు కొంచెం ఎక్కువ తీసినా ఎవరూ చూడరు.

చక్రాలగూడు
నేను అట్ట పెట్టింది మంచం వైపు నుంచి. వెడల్పు ఉన్న వైపు. అంటే వాలు ఒక తప్పు, అట్ట వంగడం ఒక తప్పు, మందం ఒక తప్పు. మూడూ ఒక్క ప్యానెల్ మీదే.

ఆకురాయి
ప్లైవుడ్ రెండు షీట్లే అయ్యాయి, తప్పులు మూడయ్యాయి. లాభంలోనే ఉన్నారు.

జంటపలక
ఎడమ వైపుకి టెంప్లేట్ బాగా కుదిరిందని దాన్నే తిప్పి కుడి వైపుకి కోసేయకండి. నాకు 6 మి.మీ. తేడా వచ్చింది. బయటి రేకు రెండు వైపులా ఒకేలా ఉన్నా, లోపల ఒక వైపు పక్క తలుపు పట్టా ఉంటుంది, రీపర్లు మనం బిగించినవి, ఇన్సులేషన్ ఒక చోట ఎక్కువ ఉబ్బుతుంది. తిప్పి పెట్టి చూడండి, చూశాకే కోయండి.

గీతలరాత
టెంప్లేట్ మీద రాసుకోవడం మర్చిపోవద్దు. పై వైపు ఏది, వ్యాను ముందు వైపు ఏది, కనబడే ముఖం ఏది, నేల గీత ఎక్కడ. నవ్వకండి, కారణం ఉంది. మామూలు జిగ్‌సా బ్లేడు పైకి లాగేటప్పుడు కోస్తుంది, కాబట్టి పై ముఖం మీద పొర చీలుతుంది. మంచి ముఖం కిందకి పెట్టి కోయాలి. అంటే టెంప్లేట్‌ని కూడా బోర్లించి గీయాలి. నేను ప్లైవుడ్‌ని బోర్లించాను, టెంప్లేట్‌ని బోర్లించలేదు. చాలా అందమైన ప్యానెల్ వచ్చింది, అద్దంలో ఉండే వ్యానుకి.

ఆకురాయి
😂 ఆ అద్దంలో వ్యాను ఎవరిదో కనుక్కుని ఇచ్చేయండి.

జిగురుచుక్క
రూటర్ (గిర్రున తిరిగే బిట్‌తో చెక్క అంచు కోసే మిషన్) ఉన్నవాళ్లు చట్రం నుంచి నేరుగా ప్లైవుడ్‌కి పోకండి. ముందు 6 మి.మీ. ఎం.డి.ఎఫ్‌లో ఒక టెంప్లేట్ కోసి, దాన్ని వ్యానులో పెట్టి చూసి, ఎమరీ పేపర్‌తో అంచు నున్నగా చేసి, అప్పుడు ప్లైవుడ్‌కి బిగించి టెంప్లేట్ అంచు వెంట దొర్లే బేరింగ్ ఉన్న బిట్‌తో తిప్పండి. జిగ్‌సాతో ముందే 2 మి.మీ. బయటికి కోసి ఉంచితే రూటర్‌కి పని తక్కువ. బేరింగ్ మాత్రం చాడీలు చెప్పే రకం. టెంప్లేట్ అంచున చిన్న బొడిపె ఉన్నా తీసుకెళ్లి ప్లైవుడ్‌కి చెప్పేస్తుంది.

కొత్తసుత్తి
మధ్యలో దూరుతున్నాను. నాది నిలువు ప్యానెల్ కాదు, గోడకే చెక్క కప్పాలి, కింద నుంచి పైకప్పు మలుపు దాకా. 3 మి.మీ. ప్లైవుడ్ వంగుతుంది కదా అని తెచ్చాను. వంచుతుంటే రీపర్లనే పీకేస్తోంది.

పడవమేస్త్రి
పై పొర గ్రెయిన్ (చెక్క నారలు) ఎటు ఉంది? మూడు పొరల ప్లైవుడ్‌లో బయటి రెండు పొరల గ్రెయిన్ ఒకే దిశలో ఉంటుంది, ఆ దిశలో వంచబోతే మొండికేస్తుంది. గొట్టంలా చుట్టినప్పుడు గ్రెయిన్ గొట్టం పొడవునా ఉండేలా వంచితే సులువు. మీ గోడ కింద నుంచి పైకి వంగుతోంది కాబట్టి గ్రెయిన్ వ్యాను పొడవునా పోవాలి. మీరు నిలువుగా పెట్టి ఉంటారు.

కొత్తసుత్తి
నిలువుగానే. షీటు తిప్పి చూశాను. దీనికోసమా నిన్నంతా భుజాలు నొప్పి పుట్టించుకున్నాను!

లెక్కలబుర్ర
కొలతలో ఇంకో చిక్కు ఉంది. కింద రీపరు నుంచి పై రీపరు దాకా టేపు బిగించి లాగితే వచ్చేది తిన్నని దూరం. షీటు వంపు వెంట పోవాలి, కాబట్టి ఎక్కువ కావాలి. 1000 మి.మీ. ఎత్తులో ఉబ్బు 25 అయితే తేడా 1.7 మి.మీ. మాత్రమే, పట్టించుకోనక్కర్లేదు. పైకప్పు మలుపు దగ్గర మాత్రం 300 మి.మీ. దూరానికి 80 ఉబ్బు ఉంటే 50 మి.మీ. పైనే తక్కువ పడుతుంది. అక్కడ టేపు కాదు, కాగితం పట్టీని వంపుకి ఆనించి కొలవండి.

కొత్తసుత్తి
ఆ మలుపులో 3 మి.మీ. కూడా విరిగేలా ఉంది. వెనక రంపంతో గాట్లు పెట్టి వంచమని ఒక వీడియోలో చూశాను.

రంపపుపొట్టు
వీడియోల్లో చూపించేది గాట్లు లోపలి వైపు ఉండి వంచినప్పుడు మూసుకునే పద్ధతి. వ్యానులో మనకి కనబడే ముఖమే వంపు లోపలి వైపు. గాట్లు వెనక పెడితే అవి మూసుకోవు, తెరుచుకుంటాయి. కుదరదని కాదు, కుదురుతుంది. కానీ ఎంత వంగాలో గాట్లు చెప్పవు, కాబట్టి వెనక వంపు కోసిన ఆధారాలు దగ్గర దగ్గరగా ఉండాలి. మిగిల్చిన పొర బాగా పలచనైతే ముందు వైపు మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఈ పని 3 మి.మీ. షీటుతో కాదు, 9 లేదా 12తో.

నన్నడిగితే ఆ మలుపుని సన్నని పట్టీలతో కప్పండి. ఒక్కో పట్టీ తిన్నగానే ఉంటుంది, అన్నీ కలిపి చూస్తే వంపు. వ్యాను గోడ నిలువుగా వంగుతూనే పొడవునా కూడా కొంచెం వంగుతుంది. రెండు దిక్కులా వంగమంటే ఏ షీటూ వినదు, పట్టీలు వింటాయి.

నిద్రపట్టనివ్యాను
గోడ కప్పేవాళ్లు కప్పే ముందు టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి, వైర్లు ఎక్కడున్నాయో పక్కటెముకలు ఎక్కడున్నాయో. పైకప్పు అంచుల్లో గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) ఉండే వ్యానులైతే ఆ భాగం ముట్టుకోవద్దు, చెక్కతో మూయకూడదు.

చుక్కగీత
స్క్రూ పొడవు కూడా చూసుకోండి. బయటి రేకు చాలా పలచన. నా వ్యాను బయటి నుంచి చూస్తే ఒక మొన మెరుస్తుంటుంది. దాన్ని యాంటెన్నా అని చెప్తుంటాను.

చక్రాలగూడు
వారం తర్వాత వచ్చాను. జిగురుచుక్క గారి చట్రం పట్టుకున్నాను, మూలమట్టం గారి నేల గీత మీద నిలబెట్టి. పైన వంపు ఎక్కువ ఉన్న చోట మాత్రం మేస్త్రి గారి ములుకు కర్ర. 6 మి.మీ. ఎం.డి.ఎఫ్ కోసి పెడితే గోడ వెంట అన్ని చోట్లా ఒకటే సన్నని సందు! ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. తర్వాత ప్లైవుడ్ కోశాను, వెనక అంచు చిత్రిక పట్టాను.

ఇప్పుడు అసలు విషయం. ప్యానెల్ లోపలికి దూరడం లేదు.

ఆకురాయి
అంటే?

చక్రాలగూడు
నడుము దగ్గర ప్యానెల్ ఉబ్బు గోడ ఉబ్బులో కూర్చోవాలి. అడ్డంగా జరిపితే పైన పైకప్పు మలుపు పట్టేస్తోంది. పై నుంచి దించుదామంటే పైకప్పు. వంచి తిప్పుదామంటే నేల. టెంప్లేట్ మాత్రం ఎలా వెళ్లిందో వెళ్లింది.

మూలమట్టం
6 మి.మీ. ఎం.డి.ఎఫ్ కొంచెం మెలి తిరిగి దూరింది. 12 ప్లైవుడ్ మెలి తిరగదు. కూర్చున్నాక సరిపోవడం ఒకటి, కూర్చునే దాకా వెళ్లే దారి ఇంకొకటి. అడ్డంగా రెండుగా కోయండి, అల్మారా అర వచ్చే ఎత్తులో. కింది ముక్క ముందు, పై ముక్క తర్వాత. అతుకు అర వెనక దాక్కుంటుంది.

పడవమేస్త్రి
కోత మందం రంపం తినేస్తుంది, 2 మి.మీ. దాకా. అతుకులో అంత పలచని బద్ద ఒకటి పెట్టండి, లేకపోతే పై వంపు అంత కిందకి దిగుతుంది.

చుక్కగీత
గోడకి మరీ బిగించకండి. వ్యాను నడిచేటప్పుడు బాడీ మెలి తిరుగుతుంది, చెక్క రేకుని రాసుకుంటే రాత్రంతా కీచుమంటుంది. 3 మి.మీ. వదిలి ఫెల్ట్ (మెత్తని ఉన్ని గుడ్డ లాంటిది) పట్టీ అంటించండి.

ఆకురాయి
నిన్నటిదాకా గోరు దూరదన్నారు?

చుక్కగీత
అందుకే చెప్తున్నా, నాది కీచుమంటుంది.

చక్రాలగూడు
కోశాను. రెండు ముక్కలూ కూర్చున్నాయి. బద్ద పెట్టాను, ఫెల్ట్ అంటించాను. కోసిన అంచులన్నిటికీ వార్నిష్ రెండు పూతలు పట్టించాను, రేకు మీద చెమ్మ పట్టి అంచు ఉబ్బకుండా.

ఈ రోజు రెండో వైపు మొదలుపెట్టాను. ఊరుకోలేక పాత టెంప్లేట్ తిప్పి పెట్టి చూశాను. కింద అతికినట్టు ఉంది. పైన 4 మి.మీ. తేడా. జంటపలక గారూ, బద్దలు కోసుకుంటున్నాను.